గుర్రం సగం కొండమీద ఆగిన వేసవి

ఆ వేసవిలో నేను టోక్యో వెళ్ళింది కోడలి చేత బొమ్మలు మాన్పించడానికి.

పిలిచింది నా కొడుకు మొరిహికో. జూన్ మొదట్లో మా ఊరు హిమికి ఫోన్ చేసి, చిజురుకి ఆరో నెల నడుస్తోందనీ, కడుపుతో ఉన్న మనిషి పొద్దస్తమానం బల్ల మీదికి వంగి కూర్చుంటోందనీ, తను చెబితే వినడం లేదనీ, నేనొచ్చి నాలుగు మాటలు చెప్పమనీ అన్నాడు. మా హిమి చేపల రేవు. నాది ఎండుచేపల పని. మొరిహికోని కన్న రోజు పొద్దున కూడా కవళ్ళ చేపలు గుచ్చి ఎండలో వేలాడదీసి, ఆ తర్వాతే మంత్రసానికి కబురు పెట్టాను. నీడపట్టున కూర్చుని బొమ్మలేసుకోవడం కూడా ఒక పనేనా, దాన్ని మాన్పించడానికి ఒకరు రైలెక్కి రావాలా అనుకున్నాను. అయినా కొడుకు అడిగాడు కదా. చేపల పాక మా మరిదికి అప్పగించి బయల్దేరాను.

చిజురు ఆడపిల్లల వారపత్రికలో బొమ్మల కథ వేసేది. ఉత్తరాన గుర్రాలు పెంచే కొండపల్లెలో సుజునా అని ఒక పిల్ల, ఎవరికీ లొంగని నల్లగుర్రం ఒకటి. ఆ గుర్రం మీద పందెం గెలవాలని ఆ పిల్ల పంతం. ఆ కథ మూడో ఏడు నడుస్తోంది. మా ఊళ్ళో మంగలిషాపులో కూడా ఆ పత్రిక ఉండేది. దాన్ని వేసేది నా కోడలని నేనెవరికీ చెప్పలేదు. మొరిహికో కూడా తన బడిలో చెప్పుకోలేదు. వాడు ఏడు, ఎనిమిది తరగతులకి భూగోళం చెప్పే మాస్టారు. పాఠం మధ్యలో ఆడపిల్లలు బల్లకింద పెట్టుకుని చదివే పత్రికల్ని లాక్కుని బీరువాలో పడేసేది వాడే. ఆ బీరువా నిండా భార్య వేసిన గుర్రాలే.

ఇల్లు టోక్యో అంచున నెరిమాలో, క్యాబేజీ తోటల పక్కన. వీధివైపు గది మొత్తం పనికే ఇచ్చేశారు. అందులో రెండు బల్లలు. ఒకటి చిజురుది, రెండోది మిసావో అనే ఆవిడది. మిసావో చిజురుకంటే ఐదేళ్ళు పెద్ద, అయినా “గురువుగారూ” అనే పిలిచేది. ఇళ్ళు, చెట్లు, వాన, వెనక నిలబడే జనం, ఇవన్నీ మిసావో వేస్తుంది. ముఖాలూ గుర్రాలూ చిజురు వేస్తుంది. మిసావో తన సొంత కథలు కూడా వేసి పత్రికకి ఇస్తూనే ఉంటుందనీ, అవి తిరిగొస్తూనే ఉంటాయనీ చిజురే చెప్పింది. ఆ సంగతి మాట్లాడుతుంటే మిసావో నవ్వుతూ రబ్బరు పొట్టు దులుపుకునేది.

వానలు పట్టుకున్నాయి. తేమకి కాగితం మెత్తబడి సిరా పాకిపోతుంటే, చిజురు కాగితాల కట్టని దుప్పట్లో చుట్టి కరెంటు పొయ్యి పక్కన పెట్టేది. మొగుడికంటే కాగితాలకే సేవ ఎక్కువని మొరిహికో సణిగేవాడు. నీడలకోసం వాళ్ళు చుక్కల పొరలు కత్తిరించి పేజీల మీద అతికిస్తారు. ఆ ముక్కలు ఇల్లంతా ఉండేవి. చాపల మీద, అరికాళ్ళకి, ఒక్కోసారి పులుసు గిన్నెలో. ఒకరోజు వీధి స్నానశాలలో పక్కన కూర్చున్న ముసలావిడ నా మోచేతి వైపు చూసి, ఆ పట్టీ కీళ్ళ నొప్పులకి పని చేస్తుందా, ఏ కొట్లో దొరుకుతుందని అడిగింది. చూసుకుంటే చుక్కల ముక్క. నొప్పి తగ్గలేదు కానీ కోడలు బాగా సంపాదిస్తోందని చెప్పాను. ఇంటికొచ్చి ఆ మాట చెబితే చిజురు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పిల్ల అంతలా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

నేను చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేకపోయాను. గదిలోకి అడుగుపెట్టగానే పాళీ కింద పెట్టి, నడుము పట్టుకుని లేచి నిలబడేది. కూర్చోమ్మా అని నేనే కసరాల్సి వచ్చేది. కసిరాక ఇంక మాన్పించే మాట ఎలా వస్తుంది?

జూన్ చివర్లో మిసావోకి జ్వరం తగిలి రాలేదు. టీ తీసుకుని వెళితే, చిజురు ఒక చేత్తో నడుము నొక్కుకుంటూ, రెండో చేత్తో పేజీని దగ్గరికి లాక్కుంటోంది. పేజీలో అక్కడక్కడా పెన్సిలుతో గుణకారం గుర్తులున్నాయి. అవేమిటని అడిగాను. ఆ గుర్తు ఉన్నచోటల్లా నలుపు నింపాలట. రాత్రి ఆకాశం, జుట్టు, గుర్రం. గీత దాటకుండా ఉంటే చాలట, మిగతా విద్య ఏమీ అక్కర్లేదట.

“ఇటివ్వు,” అన్నాను.

“అత్తయ్యా, మీరా?”

“గీత దాటకుండా ఉంటే చాలన్నావుగా.”

ముందు పాత న్యూస్‌పేపర్ మీద వేయించింది. తర్వాత పేజీ ఇచ్చింది. చిన్న కుంచెతో గీత వెంబడి అంచు కట్టుకుని, పెద్ద కుంచెతో లోపల నింపాలి. నల్లగుర్రం తోక నాకు వచ్చింది. ఊపిరి బిగబట్టి వేశాను. తడి నలుపు మెరుస్తూ ఉండి, ఆరేకొద్దీ మెరుపు తగ్గి చిక్కబడి, ఉన్నట్టుండి అక్కడ గుర్రం నిలబడి ఉంది. అప్పటిదాకా గీతలే. ఇంకో పేజీ ఇమ్మన్నాను.

సాయంత్రం మొరిహికో వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. తలకి గుడ్డ కట్టుకుని, ముక్కు మీద సిరా మరకతో వాళ్ళమ్మ కోడలి పక్కన కూర్చుని ఉంది.

“అమ్మా,” అన్నాడు.

“అన్నం వేడిగా ఉంది. చేప పొయ్యి మీద ఉంది. పెట్టుకుని తిను, నా చెయ్యి ఖాళీగా లేదు,” అన్నాను.

వాడు పుట్టి బుద్ధెరిగాక తన అన్నం తను పెట్టుకోవడం అదే మొదలు. మూత తీసిన చప్పుడు, గిన్నె కడిగిన చప్పుడు వినిపించాయి. చిజురు తలొంచుకుని గీస్తున్నట్టే ఉంది కానీ పాళీ కదలడం లేదు.

ఆదివారం పొద్దున వాడు నన్ను క్యాబేజీ తోటల వైపు నడవడానికి తీసుకెళ్ళాడు. వాన కాస్త తెరిపిచ్చింది. తోటల చివరిదాకా వెళ్ళాం. తర్వాత అన్నాడు, రెండేళ్ళ కిందట చలికాలంలో ఒక బిడ్డ పోయిందని. నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. పొద్దుట్నించీ నొప్పిగా ఉన్నా పేజీలు పూర్తి చేసి, వాటిని సంపాదకుడి చేతిలో పెట్టాకే లేచిందట. టాక్సీలో వాడి చెయ్యి పట్టుకుని, వెనక నిలబెట్టిన చెట్లకి మంచు వేయడం మరిచిపోయానని అందట.

“ఆ మంచు మాట నా చెవుల్లోంచి పోదమ్మా. అందుకే నిన్ను పిలిచాను. నువ్వేమో కుంచె పట్టుకుని కూర్చున్నావు.”

వాడి చొక్కా భుజం మీద చుక్కల ముక్క అతుక్కుని ఉంటే తీసేశాను.

ఆ మధ్యాహ్నం చిజురుని అడిగేశాను, ఎందుకు చెప్పలేదమ్మా అని. ఆమె పాళీ తుడిచి పెట్టింది.

“పని వల్ల కాదని డాక్టరు అన్నాడు అత్తయ్యా. మీ అబ్బాయి నమ్మలేదు. నేను ఒకరోజు నమ్ముతాను, ఒకరోజు నమ్మను. నమ్మని రోజున ఎక్కువ గీస్తాను.”

మాన్పించడానికి తెచ్చుకున్న మాటలన్నీ అక్కడితో అయిపోయాయి. బల్ల ఎత్తు పెంచమని మొరిహికోకి చెప్పాను. వంగక్కర్లేకుండా గీసుకుంటుంది కదా అన్నాను. వాడు మారుమాటాడకుండా బల్ల కాళ్ళకింద ఇటుకలు పెట్టాడు.

కానీ బల్ల ఎత్తుతో తీరే సంగతి కాదది. జూలై మధ్యలో, వానలు వెనకబట్టి ఎండలు మొదలైన వారం, చిజురు బల్ల దగ్గర్నించి లేవబోయి మళ్ళీ కూలబడింది. చీరేసినట్టు నొప్పి అంది. మొరిహికో బడి నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడలేదు. బిడ్డ బాగానే ఉంది, కానీ ఇక కాన్పు దాకా మంచం దిగకూడదు, కూర్చుని గీయడం లేదు, పడుకుని గీయడం కూడా లేదు అంది. చిజురు సరేనంది. ఎదురు ఒక్క ప్రశ్న వేయలేదు. లోపలి గదిలో పరుపు వేసి పడుకోబెట్టాం.

మర్నాడు మధ్యాహ్నం సంపాదకుడు కురాత వచ్చాడు. మంచివాడే. వారం వారం చెమటలు కక్కుతూ వచ్చి, వంటింటి గడప మీద కూర్చుని పేజీలకోసం కాచుకునే మనిషి. ఆ రోజు పరుపు పక్కన కూర్చుని, ముందు చిజురుకి విసనకర్రతో విసిరాడు. తర్వాత అసలు విషయం చెప్పాడు. సుజునా పందెం మొదలైంది. గుర్రం కొండ వాలులో సగం ఎక్కింది. ఇప్పుడు ఆగితే పిల్లలు ఊరుకోరు. మిసావో చేత వేయిద్దాం, చిజురుగారి పేరే ఉంటుంది, చేతిలో తేడా ఎవరికీ తెలియదు అన్నాడు.

మిసావో గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. గురువుగారు ఏం చెబితే అదే అంది, నేల చూస్తూ.

నేను చల్లటి బార్లీ నీళ్ళు పెట్టాను, ఎవరూ తాగలేదు.

“మిసావోగారు నా పేరు మీద వేయరు,” అంది చిజురు చివరికి. “వేస్తే తన పేరు మీదే వేస్తారు. ఖాళీ అయ్యే పేజీల్లో ఆవిడ కథ వేయండి. అరలో ఉంది. అచ్చుకి సిద్ధంగా ఉంది.”

కురాత నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ మిల్లు కథేనా, అది తను వెనక్కిచ్చిందే, అందులో అందమైన అబ్బాయి ఏడీ అన్నాడు.

“మొత్తం చదివారా?”

అతను విసనకర్ర కింద పెట్టాడు. సగం దాకా అన్నాడు.

“అయితే ఇప్పుడు చదవండి. అత్తయ్య మీకు సేమ్యా పెడతారు.”

వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట అందరం చల్లటి సేమ్యానే తినేవాళ్ళం. గాజుగిన్నెలో మంచుముక్కల మధ్య సేమ్యా పెట్టి, పక్కన పులుసు, అల్లం, ఉల్లికాడలు పెట్టాను. అతను ఒక చేత్తో తినే పుల్లలు విడదీసి, రెండో చేత్తో మొదటి పేజీ తిప్పాడు. నూలు మిల్లులో పనిచేసే ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరికీ కలిపి ఒకే గొడుగు. ఒక వానాకాలం. అంతే కథ. నాలుగు పేజీలు తిప్పాక పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టేశాడు. మంచు కరిగింది. సేమ్యా నీళ్ళలో ఉబ్బి ముద్దయింది. నేను తీసేయబోతే ఉండనివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు, కానీ గిన్నె వైపు చూడలేదు. మిసావో పెరట్లోకి వెళ్ళి, ఆరిన బట్టలు తీసి, మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెడుతోంది.

చివరి పేజీ చూసి ఆవిడని పిలిచాడు.

“ఈ చివర్లో ఆ పిల్ల ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడదేం?”

“చూస్తే వెళ్ళలేదు కదండీ,” అంది మిసావో.

కురాత పేజీలు కవరులో పెట్టుకున్నాడు. ముద్దయిన సేమ్యా అంతా నిలబడే తినేసి, బాగుందని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆగస్టు మొదట్లో వచ్చిన సంచికలో సుజునా లేదు. రచయిత్రికి ఒంట్లో బాగులేనందువల్ల విరామం అని చిన్న అక్షరాల్లో వేశారు. ఆ పేజీల్లో గొడుగు కథ, పైన మిసావో పూర్తి పేరు. చిజురు పడుకునే దాన్ని రెండుసార్లు చదివింది. వానగీతలు కొంచెం ఒత్తుగా పడ్డాయంది. మిసావో, అవునండి అచ్చులో ముద్దయ్యాయి అంది. అంతకుమించి వాళ్ళిద్దరూ దాని గురించి నా ముందు మాట్లాడుకోలేదు.

సెలవుల మధ్యలో ఒకరోజు పిల్లలు బడికి రావాలి. ఆ రోజు మొరిహికో ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా చిజురు పరుపు పక్కన చతికిలబడ్డాడు. వాడి తరగతిలో ఎప్పుడూ పత్రిక పోగొట్టుకునే ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల ఈసారి పత్రిక దాచుకోకుండా చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికే వచ్చి, మాస్టారూ, పెద్దవాళ్ళకి తెలుస్తుంది కదా, సుజునా వేసే ఆవిడ చచ్చిపోయిందా అని అడిగిందట.

“ఏమన్నారు?” అంది చిజురు.

“చావలేదన్నాను. పడుకుని పుచ్చకాయ తింటోందన్నాను.”

“అయ్యో, ఎలా తెలుసని అడగలేదా?”

“అడిగింది. మా ఆవిడే అన్నాను.” వాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. “తరగతి మొత్తం లేచి నిలబడింది. గుర్రం కొండెక్కుతుందా లేదా చెప్పమని పట్టుకున్నారు. నాకు తెలియదన్నాను. ఇంట్లో ఉండి అడగలేదా మాస్టారూ అంది ఆ పిల్ల. నిజమే కదా. నేనెప్పుడూ అడగలేదు.”

చిజురు వాడి వైపు చూసింది. ఎక్కుతుందా అని వాడు అడిగాడు. ఎక్కుతుంది కానీ గెలవదు అంది. ఎందుకని అడిగాడు. అది చెబుతూ ఉంటే నేను పుచ్చకాయ తొక్కలు ఎత్తుకుని బయటికి వచ్చేశాను. చాలాసేపు వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. భార్య కథని వాడు మొదటిసారి ఆమె నోటితో విన్నాడు. కాగితం మీదికి అది ఎప్పటికీ రాలేదు.

ఎందుకంటే సెప్టెంబరు మొదటి వారంలో కురాత వచ్చాడు. ఈసారి గడప దగ్గరే కూర్చుండిపోయాడు. గొడుగు కథకి పాఠకుల కార్డులు సంచులతో వచ్చాయట. మిసావో వేసిన రెండో కథకి ఇంకా ఎక్కువ వచ్చాయట. శీతాకాలం సంచికల నుంచి ఆ చోటు మిసావోకి ఇవ్వాలని పైవాళ్ళు తేల్చేశారట. చిజురు కోలుకునేసరికి పిల్లలు సుజునాని మరిచిపోతారన్నారట. తను వాదించాడట. అతను తల ఎత్తలేదు. వాదించే ఉంటాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి పోయి ముల్లంగిని చితక్కొట్టినంత పని చేశాను. అతను వెళ్ళాక చిజురు దగ్గర కూర్చుని, నీ చోటు నువ్వే చేతులారా ఇచ్చేశావు, ఇలా అవుతుందని తెలియదా అని అడిగాను.

“తెలుసత్తయ్యా. నేనూ అలాగే వచ్చాను. ఎవరో ఒకావిడకి కడుపులో ఆపరేషన్ అయి పేజీలు ఆగిపోతే, ఆ ఖాళీలో నన్ను వేశారు. సంతోషంతో ఇల్లంతా గంతులేశాను. ఆవిడ పేరేమిటని కూడా అడగలేదు. తర్వాత ఆవిడ పేరు ఎక్కడా కనబడలేదు. ఈసారి కనీసం పేరు తెలిసిన మనిషి.”

అని అటు తిరిగి పడుకుంది. భుజాలు కదిలాయి. నేను వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. ఇచ్చినందుకు కాదు ఆ ఏడుపు. సగం కొండ మీద, వెనక కాళ్ళు జారుతున్న గుర్రం మీద ఆ పిల్లని వదిలేయాల్సి వచ్చినందుకు. చిజురు ఇప్పుడు సభలకి వెళితే, తలలు నెరిసిన ఆడవాళ్ళు లేచి, ఆ గుర్రం కొండెక్కిందా అని అడుగుతారట. ఎక్కిందని చెబుతుందట. అంతకంటే చెప్పదట.

మిసావో మర్నాడు వచ్చి చాప మీద నుదురు ఆనించి, తనకొద్దని చెప్పేస్తానంది. చిజురు మోచేతి మీద లేవబోతే నేను కసిరి పడుకోబెట్టాను.

“వద్దంటే మీతో మాట్లాడను,” అంది చిజురు. “ఒకటే మాట. కథలో గుర్రాలు పెట్టకండి. మీకు గుర్రాలు రావు. కుక్కల్లా వస్తాయి.”

మిసావో తల ఎత్తకుండానే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత ఆవిడ ఎంత పేరు తెచ్చుకుందో అందరికీ తెలుసు. ఆవిడ కథల్లో ఎక్కడా గుర్రం లేదు.

బిడ్డ సెప్టెంబరు నడిమిలో, తుఫాను వాన తలుపులు బాదుతున్న పూట పుట్టింది. ఆడపిల్ల. నెల ముందొచ్చినా గొంతు మాత్రం రేవంతా వినిపించేలా ఉంది. సవాకో అని పేరు పెట్టారు. మొరిహికో ఆస్పత్రి వసారాలో గోడకి ఆనుకుని, నేల మీదికి జారి కూర్చుని, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. వాడి తండ్రి పోయినప్పుడు కూడా నేను వాణ్ణి అలా చూడలేదు.

ఇక అంతా వాడు కోరుకున్నట్టే అయింది. భార్య ఇంట్లో ఉంది, బిడ్డ ఒడిలో ఉంది, బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. కురాత రావడం మానేశాడు. చాపల మీద చుక్కల ముక్కలు లేవు. చిజురు బిడ్డకి పాలిచ్చేది, బట్టలు మడత పెట్టేది, అడిగితే నవ్వేది. ఒక్కోసారి బిడ్డ వీపు మీద ఆమె చూపుడువేలు ఏదో గీస్తూ ఉండేది. ఏమిటది అని అడిగితే, ఏమీ లేదత్తయ్యా అనేది.

ఒకరోజు భోజనం దగ్గర మొరిహికో పుల్లలు కింద పెట్టాడు. పెళ్ళయినప్పట్నించీ పక్కగదిలో పాళీ గరగర వింటూ నిద్రపోవడం అలవాటైందనీ, ఇప్పుడు ఆ చప్పుడు లేక నిద్ర పట్టడం లేదనీ అన్నాడు. నాతో చెబుతున్నట్టే అన్నాడు, గోడవైపు చూస్తూ. తర్వాత చిజురు వైపు తిరిగాడు.

“మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతావు?”

ఆమె బిడ్డని భుజం మార్చుకుంది. నన్ను ఎవరూ అడగలేదు కదండీ, ఎవరికోసం వేయను అంది.

“ఎవరూ అడక్కపోతే వేయకూడదా?” అన్నాడు.

నేను పులుసు వడ్డించాను.

అక్టోబరు నెలాఖరుకి, బిడ్డకి నెలన్నర దాటాక, నా తిరుగు ప్రయాణం పెట్టుకున్నాను. శరత్కాలం చేప వస్తుంది, మరిది ఒక్కడూ అవస్థ పడుతున్నాడు. పొద్దున్నే మూట కట్టుకున్నాను. దారికి అన్నం ముద్దలు చేసుకున్నాను. చెప్పడానికి గదిలోకి వెళితే, చిజురు బల్ల ముందు కూర్చుని ఉంది. గుడ్డ తీసేసి ఉంది. ముందు తెల్లకాగితం. పక్కన బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోబోయింది. అప్పుడు మొరిహికో లోపలికి వచ్చాడు. బడికి వెళ్ళే చొక్కా, టై వేసుకునే ఉన్నాడు. పసిపిల్లల్ని మోసే గుడ్డ తీసి, ముడి ఎలా వేయాలో నన్ను అడిగి, బిడ్డని గుండెకి కట్టుకున్నాడు. మా కాలంలో మగవాడు అలా వీధిలోకి వెళ్ళడం నేను చూడలేదు. వాడు వెళ్ళాడు. ఎదురింటి ఆవిడ నీళ్ళు చల్లుతూ చల్లుతూ ఆగిపోయింది. గుడ్ మార్నింగ్ అంటూ క్యాబేజీ తోటల వైపు నడిచాడు. బిడ్డ ఏడుపు దూరమవుతూ పోయింది.

“అత్తయ్యా,” అంది చిజురు. “మీరు మామయ్యగారిని మొదటిసారి ఎక్కడ చూశారు?”

“ఇప్పుడెందుకది? రైలు తప్పిపోతుంది.”

“చెప్పండి.”

రేవులో చూశానన్నాను. అప్పుడు నేను ఈడొచ్చిన పిల్లని, మోచేతుల దాకా చేపల పొలుసులు, తలకి గుడ్డ. పడవ దిగుతున్నవాళ్ళల్లో ఒకతను నావైపే చూస్తున్నాడనుకుని సిగ్గుపడి తలొంచుకున్నాను. తీరా చూస్తే అతను చూసేది నన్ను కాదు. నా వెనక పిల్లి చేప ఎత్తుకుపోతోంది. ఆ సంగతి నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

చిజురు నవ్వుతూనే పెన్సిలు కదిపింది. నీళ్ళ గట్టు వచ్చింది. దాని మీద తలొంచుకున్న పిల్ల. పిల్ల జుట్టు మీద చిన్నగా గుణకారం గుర్తు పెట్టి, తల ఎత్తకుండానే కుంచె నావైపు జరిపింది.

“ఆ తర్వాత?” అంది.

నేను మూట గోడవారగా పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాను.